ఎరుపు తప్పు చోట పడింది: దేశవ్యాప్త నేల కోత పటం తయారీలో మా అనుభవం

మొదటి పటం ప్రింట్ తీసి గోడకు అంటించిన రోజు మా గదిలో ఎవరికీ అనుమానం రాలేదు. హిమాలయాలు, పడమటి కనుమలు, ఈశాన్య రాష్ట్రాలు ఎర్రగా ఉన్నాయి. దక్కన్ పీఠభూమి చాలావరకు పచ్చగా ఉంది. కొండల మీద వానా ఎక్కువే, వాలూ ఎక్కువే, కాబట్టి కోత కూడా ఎక్కువే ఉండాలి. చూడగానే నిజమే అనిపించే పటం అది.

నా చూపు మాత్రం అనంతపురం మీద ఆగిపోయింది. అక్కడా పచ్చరంగే. మా అమ్మమ్మ ఊరు కళ్యాణదుర్గం వైపు. అక్కడి ఎర్ర చేలల్లో ఏరి గట్ల మీద పోసిన పలుగురాళ్ల కుప్పలు చిన్నప్పటి నుంచి చూసినవాణ్ని. ఆ చేలలో ఏడాదికి హెక్టారుకు ఒకటిన్నర టన్నుల మన్ను కూడా పోవడం లేదని మా పటం చెబుతోంది. అదే నిజమైతే ప్రతి దుక్కికీ అన్ని రాళ్లు ఎందుకు పైకి తేలుతున్నాయి?

మాకు అప్పగించిన పని చెప్పుకోవడానికి చిన్నదే. దేశం మొత్తానికి ఒకే పద్ధతిలో నేల కోతను లెక్కగట్టి, వాన నీటిని, మన్నును ఆపే వాటర్‌షెడ్ పనులకు ఏ ప్రాంతాలను ముందు తీసుకోవాలో చూపించాలి. మేం ఆరుగురం. ఇద్దరిది నేలల శాస్త్రం, ఇద్దరిది శాటిలైట్ చిత్రాల పని, ఒకరు నీటి లెక్కలవారు, ఒకమ్మాయి ప్రోగ్రామింగ్ చూసేది. దేశానికి ఇలాంటి లెక్క కొత్తేమీ కాదు. 1983లోనే ధ్రువనారాయణ, రాంబాబు అనే శాస్త్రవేత్తలు మన దేశంలో ఏటా 533.4 కోట్ల టన్నుల మన్ను కోతకు గురవుతోందని, సగటున హెక్టారుకు 16.4 టన్నులని అంచనా వేశారు. అందులో 29 శాతం సముద్రం పాలవుతుంది. 10 శాతం జలాశయాల్లో చేరుతుంది. మిగతా 61 శాతం ఒకచోట లేచి ఇంకోచోట పడుతుంది. ఇప్పటికీ నేల కోత మీద ఏ సభలో ఎవరు మాట్లాడినా ఈ అంకెల్లో ఒకటైనా వినిపిస్తుంది.

ఆ తర్వాత వచ్చిన అంకెలు చూస్తే కొత్తవాళ్లకు తల తిరుగుతుంది. 2010లో భారత వ్యవసాయ పరిశోధన మండలి, వ్యవసాయ శాస్త్రాల జాతీయ అకాడమీ కలిసి తయారుచేసిన లెక్కలో, నీటి కోత వల్ల దెబ్బతిన్న భూమి 8.257 కోట్ల హెక్టార్లు. అహ్మదాబాద్‌లోని ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ 2021లో విడుదల చేసిన అట్లాస్ ప్రకారం 2018-19లో నీటి కోత దేశ విస్తీర్ణంలో 11.01 శాతం, అంటే దాదాపు 3.6 కోట్ల హెక్టార్లు. ఒకే దేశం, ఒకే రకం నష్టం. ఒక లెక్క రెండోదానికి రెట్టింపు కన్నా ఎక్కువ.

ఇందులో ఎవరూ తప్పు చేయలేదు. మొదటిది ఏటా హెక్టారుకు 10 టన్నులకు మించి మన్ను పోతోందని లెక్కలో తేలిన భూమి. రెండోది శాటిలైట్ చిత్రంలో కోత ఆనవాళ్లు కంటికి కనిపించే భూమి. చంబల్ లోయలోని బీహడ్‌లు, అంటే లోతుగా కోసుకుపోయిన గండ్లు, ఆకాశం నుంచి చూస్తే చెట్టు వేళ్లలా విడివిడిగా కనిపిస్తాయి. పొర కోత అలా కనిపించదు. వాన నీరు చేను మొత్తం మీద నుంచి పల్చగా పైమట్టిని కడిగేస్తుంది. రైతు మళ్లీ గుంటక తోలగానే నీరు గీసిన సన్న చాళ్లు చెరిగిపోతాయి. 23.5 మీటర్ల పిక్సెల్ ఉన్న లిస్-3 అనే మన శాటిలైట్ కెమెరా చిత్రంలో ఒక్క చుక్క అంటే దాదాపు పదమూడున్నర సెంట్ల నేల. 1:50,000 పటం మీద 3 మిల్లీమీటర్ల గడి అంటే రెండుంబావు హెక్టార్లు. ఈ కొలతల్లో కనిపించేది చాలావరకు జరిగిపోయిన కోత. జరుగుతున్న కోత దుక్కి కింద దాక్కుని ఉంటుంది. అందుకే మేం శాటిలైట్ చిత్రాన్ని మాత్రమే నమ్ముకోకుండా ఫార్ములా వైపు వెళ్లాం. అక్కడే మొదటి దెబ్బ తిన్నాం.

టన్నులు ఎలా తప్పాయి

మేం వాడింది యూఎస్‌ఎల్‌ఈ. అమెరికాలో విష్‌మయర్, స్మిత్ రూపొందించి, 1965లో మొదటి చేతిపుస్తకంగా, 1978లో సవరించిన రూపంలో ఇచ్చిన సార్వత్రిక నేల నష్ట సమీకరణం. అయిదు అంశాలను గుణిస్తే ఏడాది నష్టం వస్తుంది. ఆర్ అంటే వాన దెబ్బ. కే అంటే ఆ నేల ఎంత సులభంగా కొట్టుకుపోతుందన్నది. ఎల్‌ఎస్ అంటే వాలు పొడవు, ఏటవాలు. సీ అంటే పంట కప్పు, అంటే పంట నేలను ఎంత కప్పి ఉంచుతుందన్నది. పీ అంటే గట్లు, అడ్డ దుక్కి లాంటి రక్షణ. 22.13 మీటర్ల పొడవు, 9 శాతం వాలు ఉన్న ప్రామాణిక మడి దీనికి ఆధారం.

మన దేశంలో అన్నిచోట్లా అరగంట తీవ్రతలు నమోదు చేసే వాన మాపకాలు లేవు. కాబట్టి ఆర్ కోసం డెహ్రాడూన్ శాస్త్రవేత్తలు ఇచ్చిన సూత్రాన్నే ఎక్కువమంది వాడతారు: 79 + 0.363 × ఏడాది వర్షపాతం మిల్లీమీటర్లలో. మేమూ అదే వాడాం. కే విలువలు మాత్రం అంతర్జాతీయ ప్రమాణాల్లో ఉన్న పట్టిక నుంచి తీసుకున్నాం. ఆ సూత్రం పాత మెట్రిక్ యూనిట్లలో జవాబిస్తుంది. అంతర్జాతీయ యూనిట్లలోకి తేవాలంటే 9.81తో గుణించాలి. మేం గుణించలేదు.

ఒక చేను లెక్క చూస్తే ఎంత తేడా వచ్చిందో తెలుస్తుంది. సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట ఆర్ 278 దాటుతుంది. 9.81తో గుణిస్తే 2733. ఎర్ర ఇసుక గరప నేలకు కే 0.03 అనుకుందాం. 3 శాతం వాలు, వంద మీటర్ల పొడవుకు ఎల్‌ఎస్ 0.41 వస్తుంది. వేరుశనగకు సీ 0.4, రక్షణ ఏమీ లేదనుకుంటే పీ 1. అన్నీ గుణిస్తే ఏడాదికి హెక్టారుకు 13.4 టన్నులు. అదే ఆ 9.81 మర్చిపోతే 1.4 టన్నులు. 13.4 టన్నులంటే చేను మొత్తం మీద ఒక మిల్లీమీటరు పొర పోయినట్టు. 1.4 టన్నులంటే పటం మీద పచ్చరంగు. మా అమ్మమ్మ ఊరు పచ్చగా కనిపించడానికి కారణం ఇదే.

ఈ తప్పు మా కంటబడటానికి మూడు వారాలు పట్టింది. దేశం మొత్తం ఒకే నిష్పత్తిలో తగ్గితే పటం ఆకారం మారదు. అందుకే చూసిన ఎవరికీ తేడా తెలియలేదు. పదో వంతు విలువలతోనే హిమాలయాలు ఎర్రబడ్డాయంటే, అక్కడ ఇంకేదో విపరీతంగా పెరిగిపోయిందని అప్పుడైనా అర్థం కావాలి. యూనిట్లు సరిచేసి మళ్లీ నడిపితే దక్కన్ సరైన అంకెల్లోకి వచ్చింది. కొండలు మాత్రం ఎవరూ నమ్మలేని అంకెల్లోకి వెళ్లిపోయాయి. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకుని ఉన్నాయి.

రెండో తప్పు ఎల్‌ఎస్‌లో ఉంది. ఈ సమీకరణం వెనుక పది వేలకు పైగా మడి-సంవత్సరాల (ఒక మడిని ఒక ఏడాది కొలిస్తే ఒక మడి-సంవత్సరం) కొలతలున్నాయి. కానీ అవి ముఖ్యంగా 3 నుంచి 18 శాతం వాలున్న సాగు భూములవి. దాన్ని తీసుకెళ్లి కులూ లోయ మీద నిలువు కొండకు తగిలించడమే తప్పు. పైగా కంప్యూటర్ ఎత్తుల పటం మీద నీటి దారిని వెంబడిస్తూ పోతుంది. మధ్యలో గట్టుందో, బండి బాట ఉందో, కంచె ఉందో దానికి తెలియదు. కిలోమీటరు పొడవునా ఒకే వాలు అనుకుంటుంది. మేం ఏటవాలుకు ఒక హద్దు పెట్టాం. సాగు భూముల్లో వాలు పొడవును ఆ ప్రాంతపు కమతాల సైజును బట్టి కత్తిరించాం. హద్దు దాటిన కొండ చరియలను 'ఈ పద్ధతితో అంచనా వేయలేదు' అని వేరే రంగులో చూపించాం. పటంలో బూడిద రంగు మచ్చలు బాగుండవని అభ్యంతరం వచ్చింది. నేను ఒప్పుకోలేదు. లెక్కించలేని చోట అంకె వేస్తే, ఆ అంకెను చూసి నిధులు కదులుతాయి.

చేను దగ్గర

ఫీల్డ్ పనికి జూన్‌లో వెళ్లాం, తొలకరికి ముందు. కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో డెబ్బై దాటిన పెద్దాయన చేనులో జీపీఎస్ పట్టుకుని నిలబడ్డాం. ఏం కొలుస్తున్నారని అడిగాడు. మన్ను ఎంత పోతోందో లెక్క తీస్తున్నామని చెప్పాను.

"ఎంత పోయిందో ఆ వేపచెట్టునడుగు సామీ," అన్నాడు.

గట్టు మీది వేపచెట్టు వేళ్లు నేల మీదికి తేలి ఉన్నాయి. ఆయన అరచేయి ఆనించి చూపించాడు. చిన్నతనంలో ఆ వేళ్లు కనిపించేవి కావట. చేనులో నిలిచిన పలుగురాళ్ల వైపు చూపించి, "మా నాయిన కాలంలో ఇన్ని రాళ్లు యాడివి? ఇప్పుడు ఏరే కొద్దీ పుడతాండాయి," అన్నాడు.

రాళ్లు పుట్టవు. చుట్టూ ఉన్న సన్న మన్ను కొట్టుకుపోతే అవి మిగులుతాయి. అయితే ఆ రాళ్లు ఇంకో పని కూడా చేస్తాయి. వాన చినుకు నేరుగా మన్ను మీద పడకుండా అడ్డుకుంటాయి. రాళ్లన్నీ ఏరేసిన చేను, కొంత రాయి ఉన్న చేను కన్నా వేగంగా కోతకు లోనవుతుంది. మేం వాడిన నేల పటంలో రాళ్ల శాతం వివరం ఉన్నా కే లెక్కలో దాన్ని కలపలేదు. ఆ చేను చూశాక కలిపాం.

ఆ పర్యటనలో బయటపడిన అసలు లోపం సీ విలువది. మేం పంట కప్పును శాటిలైట్ చిత్రాల పచ్చదనం సూచిక నుంచి తీశాం. మబ్బు లేని మంచి చిత్రాలు దొరికేది అక్టోబరు తర్వాతే. అప్పటికి పొలం పచ్చగా ఉంటుంది. కానీ జూన్, జూలైల్లో దుక్కి చేసి గొర్రుతో విత్తనం వేసిన చేను బోడిగా ఉంటుంది. పెద్ద చినుకులు పడేది అప్పుడే. తర్వాత చెనిక్కాయ పీకేటప్పుడు నేల మళ్లీ గుల్లవుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో అక్కడ గట్టి వానలు పడతాయి. అంటే వాన కొట్టే రోజుల్లో నేల బోడిగా, మేం ఫొటో తీసే రోజుల్లో పచ్చగా ఉంటుంది. ఏడాది సగటు పచ్చదనం తీసుకుంటే రైతుకు ఉన్న రక్షణ కన్నా ఎక్కువ ఉన్నట్టు లెక్క వస్తుంది.

దీన్ని సరిచేయడానికి ఏడాదిని పదిహేను రోజుల ముక్కలుగా చేశాం. ఒక్కో ముక్కలో ఎంత వాన దెబ్బ పడుతుందో, అప్పుడు నేల మీద ఎంత కప్పు ఉంటుందో కలిపి లెక్కించాం. మబ్బుల కాలానికి సెంటినెల్-1 రాడార్ చిత్రాలు పనికొచ్చాయి. రాడార్ మబ్బుల్లోంచి చూస్తుంది. దున్నిన నేలకు, పంట ఉన్న నేలకు తేడా చాలావరకు తెలుస్తుంది. పని మూడింతలైంది. ప్రోగ్రామింగ్ చూసే అమ్మాయి రెండు నెలలు దీని మీదే కూర్చుంది. కానీ ఈ ఒక్క మార్పుతో దక్కన్ మెట్ట సేద్యం మొత్తం నారింజలోకి వచ్చింది. మొత్తం పనిలో ఏ మార్పు ఎక్కువ పనికొచ్చిందని అడిగితే ఇదేనంటాను.

వాన సూత్రం మీద కూడా నాకు అసంతృప్తి ఉంది. ఏడాది వర్షపాతం ఎంతని మాత్రమే అది అడుగుతుంది, ఎలా పడిందని అడగదు. రాయలసీమలో ఏడాది వానలో పెద్ద వాటా నాలుగైదు వానల్లోనే పడిపోవచ్చు. అసలు నిర్వచనం ప్రకారం వాన దెబ్బ అంటే ఆ వాన శక్తిని, అందులో అరగంట గరిష్ఠ తీవ్రతతో గుణించడం. 550 మిల్లీమీటర్లు అరవై రోజుల్లో నెమ్మదిగా పడినా, పన్నెండు రోజుల్లో కుమ్మరించినా సూత్రం ఒకే జవాబిస్తుంది. గంట గంటకు కొలతలున్న కేంద్రాల దగ్గర సరిపోల్చి, మిగతా చోట్ల అనిశ్చితిని పక్కనే ఇంకో పటంగా ఇచ్చాం.

ఎంత పోయింది అని కాదు, ఎంత మిగిలింది అని

పెద్దాయన చేనులో గునపంతో గుంత తీశాం. కొద్ది లోతుకే గునపం చప్పుడు మారింది. కింద మొరం. లోతైన నల్లరేగడిలో మీటరు దాటి మన్ను ఉంటుంది. అక్కడ ఒక మిల్లీమీటరు పోవడం నష్టమే, కానీ ఇక్కడ పోవడం వేరు. అడుగు లోతు నేలలో ఏటా మిల్లీమీటరు పోతే ఒక మనిషి జీవితకాలంలోనే వేరు దిగే చోటు, తేమ నిలిచే చోటు నాలుగో వంతు తగ్గిపోతుంది.

టన్నుల పటం ఈ తేడాను చూపించదు. నేల తట్టుకోగల నష్టానికి ఒక హద్దు ఉంటుంది. మన దేశపు నేలలకు వాటి లోతు, గుణాన్ని బట్టి ఆ హద్దు ఏడాదికి హెక్టారుకు 2.5 నుంచి 12.5 టన్నుల మధ్య ఉంటుందని మన శాస్త్రవేత్తలే లెక్కగట్టారు. కోత విలువలోంచి ఈ హద్దును తీసేసి, మిగిలిన దాన్ని బట్టి ప్రాధాన్యం ఇవ్వాలని నేను పట్టుబట్టాను. 13 టన్నులు పోయే లోతైన నేల హద్దుకు దగ్గరగా ఉంటుంది. 8 టన్నులే పోయే పల్చటి ఎర్ర నేల హద్దుకు మూడింతలు దాటి ఉంటుంది. ముందు ఎక్కడికి వెళ్లాలి? రెండో చోటుకే. ఇలా గీసిన పటంలో అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు పల్చటి ఎర్ర నేలలు, బుందేల్‌ఖండ్ మెట్టలు పైకి వచ్చాయి. టన్నుల పటంలో ఇవన్నీ మధ్య రకంలో పడి ఎవరి కంటికీ ఆననివి.

ఇదంతా లెక్కే కదా, నిజంతో ఎలా సరిచూసుకోవాలి? నీటి లెక్కల మిత్రుడు జలాశయాల దగ్గరికి వెళ్దామన్నాడు. అనంతపురం రైతుకు హెచ్చెల్సీ (ఎగువ కాలువ) నీళ్లిచ్చే తుంగభద్రనే తీసుకున్నాం. 1953లో దాని సామర్థ్యం 132 టీఎంసీలకు పైగా. 2016 సర్వేలో 105.788 టీఎంసీలు. దాదాపు 26.7 టీఎంసీల జాగాను పూడిక ఆక్రమించింది. సుమారు 28 వేల చదరపు కిలోమీటర్ల పరీవాహకానికి పంచితే ఏటా హెక్టారుకు నాలుగు ఘనపు మీటర్లకు పైమాట, అంటే అయిదారు టన్నులు. ఇది జలాశయం దాకా చేరిన మన్ను మాత్రమే. దారిలో చెరువుల్లో, వంకల్లో, పైనున్న డ్యాముల్లో ఆగింది దీనికి అదనం. మా పటం ఆ పరీవాహకంలో చూపిన మొత్తం కోత దీనికన్నా ఎక్కువగా ఉండాలి, అలాగే ఉంది. పొంతన కుదిరిందని ఊపిరి పీల్చుకున్నాం, కానీ ఇది గట్టి రుజువు అని రిపోర్టులో రాయలేదు. ఎందుకంటే అదే జలాశయానికి 2008 సర్వే 100.855 టీఎంసీలని చెప్పింది. ఎనిమిదేళ్లలో పూడిక తనంతట తాను లేచిపోదు. కొలిచే తీరు మారితే అయిదు టీఎంసీల తేడా వస్తుంది. మనం రుజువుగా పెట్టుకునే కొలతకు కూడా తప్పే అవకాశం ఉంటుందని చదివేవాళ్లకు తెలియాలి.

పీ గురించి చెప్పకుండా ఇది ముగించలేను. దేశవ్యాప్త పటాల్లో పీ విలువను చాలామంది అంతటా 1గా పెట్టేస్తారు. మేమూ మొదట అదే చేశాం. 1 అంటే ఆ నేలను కాపాడటానికి ఎవరూ ఏమీ చేయలేదని అర్థం. కానీ హనుమంతరావు కమిటీ సిఫారసులతో 1995లో వాటర్‌షెడ్ పనులకు కొత్త మార్గదర్శకాలు వచ్చినప్పటి నుంచి ఎన్ని పల్లెల్లో జనం వాటర్‌షెడ్ గట్లు వేశారు, రాతి కట్టలు కట్టారు! మిషన్ కాకతీయలో తవ్విన చెరువు మట్టిని ట్రాక్టర్లతో పొలాలకు మోసుకుపోయిన తెలంగాణ రైతులు చేసింది, కొట్టుకుపోయిన పైమట్టిని తిరిగి తెచ్చుకోవడమే. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ క్షేత్రంలో 1976 నుంచి నల్లరేగడి మీద సాగుతున్న ప్రయోగంలో, ఎత్తు మడులు, వాటి మధ్య చాళ్లు, వానాకాలంలో కూడా పంట ఉంచడం వల్ల కోత సంప్రదాయ పద్ధతితో పోలిస్తే దాదాపు నాలుగో వంతుకు తగ్గింది. ఈ శ్రమ అంతా మా పటంలో సున్నా. మీటరు వెడల్పు గట్టు పది మీటర్ల పిక్సెల్‌లో కనిపించదు.

తుది పటం చేతికొచ్చాక ఒక ప్రతి పట్టుకుని ఆ పల్లెకు మళ్లీ వెళ్లాను. ఈసారి వాళ్ల ఊరు ముదురు నారింజలో ఉంది. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత చేను దిగువన తను, భార్య కలిసి రెండు వేసవులు కష్టపడి ఏరిన రాళ్లతో వేసిన కట్ట దగ్గరికి తీసుకెళ్లాడు. కట్టకు ఎగువన జానెడు మేర మెత్తటి ఎర్ర ఒండ్రు నిలిచింది. అందులో కంది బాగా ఏపుగా ఉంది.

"ఈ కట్ట మీ పటంలో యాడుంది సార్?" అని అడిగాడు.

లేదని చెప్పాను. ఇప్పుడు మేం చేస్తున్నది ఆ పనే. నాలుగు జిల్లాల్లో ఊరి కుర్రాళ్లకు ఫోన్లలో జీపీఎస్ ఎలా వాడాలో నేర్పి, ఒక్కో గట్టు మీద, ఒక్కో రాతి కట్ట మీద నడిపిస్తున్నాం. ఆయన చేను కొలత మొదటి రోజే నమోదైంది. కట్ట పొడవు, ఎత్తు, ఎగువన నిలిచిన ఒండ్రు లోతు ఆయన మనవడే టేపు పట్టుకుని రాశాడు.